ఫ్యాక్టరీ నీళ్లు కలిసే వాగులో గుర్రపు డెక్క, జమ్ము పెంచితే లోహాలు పోతాయా?

మీరు అడిగింది ఇదీ: మీ ఊరి వాగులోకి ఎగువనున్న పారిశ్రామికవాడ నీళ్లు దిగుతున్నాయి. పరీక్ష చేయిస్తే సీసం, క్రోమియం ఉన్నట్టు తేలింది. గుర్రపు డెక్క వేస్తే లోహాలన్నీ పీల్చేస్తుందని ఒక వీడియోలో చూశారు. యువజన సంఘం వాళ్లు చందాలు వేసుకుని ఈ వేసవిలోనే పని మొదలుపెడదామంటున్నారు. పెట్టవచ్చా, ఏ మొక్క మంచిది?

మొక్కలు లోహాలను పట్టుకుంటాయన్న మాట నిజమేనండి. అందులో సందేహం అక్కర్లేదు. కానీ సీసాన్ని, క్రోమియాన్ని ఏ మొక్కా మాయం చేయలేదు. మురుగులోని కుళ్లు పదార్థాన్ని సూక్ష్మజీవులు తినేస్తే అది పోయినట్టే. లోహం అలా పోదు. నీళ్లలో ఉన్నది వేళ్లలోకి చేరుతుంది, అంతే. ఆ వేళ్లను వాగులోంచి ఎవరు లాగుతారు, ఎన్నాళ్లకోసారి లాగుతారు, లాగింది ఎక్కడికి పంపుతారు అన్న మూడు ప్రశ్నలకు మీ సంఘం దగ్గర జవాబు లేకపోతే మొక్కలు వేయకండి. వేస్తే చందా డబ్బు పోవడమే కాదు, వాగు ఇప్పటికంటే పాడవుతుంది.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నేను నీటి పరీక్షల ల్యాబ్‌లో కెమిస్ట్‌గా చాలా ఏళ్లు పనిచేశాను. పటాన్‌చెరు, సంగారెడ్డి వైపు ఊళ్ల నుంచి వచ్చే శాంపిళ్లు ఎక్కువగా నా చేతుల మీదుగానే వెళ్లేవి. నక్కవాగు దిగువన ఒక ఊళ్లో రైతులు మీలాగే మొక్కలతో శుభ్రం చేద్దామని పూనుకున్నప్పుడు వాళ్లతో కలిసి పనిచేశాను. అక్కడ చూసిందే చెబుతాను.

నక్కవాగు కథ తెలియనివాళ్లకు రెండు మాటలు. 1970ల నుంచి పటాన్‌చెరు, బొల్లారం చుట్టూ మందులు, రసాయనాలు, లోహాల ఫ్యాక్టరీలు వరసగా వచ్చాయి. వాటి నీళ్లు ఇసుకవాగు, నక్కవాగుల్లో పడి మంజీరలోకి పోయేవి. ఆ మంజీర మీదే కింద ఘనపూర్ ఆనకట్ట, నిజాంసాగర్ ఉన్నాయి. వాగు పక్క ఊళ్లలో వరి ఎర్రబడిపోయింది, బావులు పాడయ్యాయి, పశువులు చచ్చిపోయాయి. అక్కడే వైద్యం చేస్తూ ఉండిన డాక్టర్ కిషన్‌రావు గారు ఆ రైతుల పక్షాన దశాబ్దాల పాటు పోరాడారు. 1990లో సుప్రీంకోర్టులోనే కేసు పడింది. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు ఆ ప్రాంతపు మట్టిని పరీక్షించినప్పుడు క్రోమియం, సీసం, నికెల్, జింక్, ఆర్సెనిక్ మామూలు కంటే బాగా ఎక్కువగా కనిపించాయి. అంటే అక్కడ లోహం నీళ్లలో మాత్రమే లేదు, వాగు అడుగు బురదలో, పక్క పొలాల మట్టిలో పేరుకుని ఉంది. మీ వాగులోనూ ఇలాగే ఉండే అవకాశం ఎక్కువ. ఈ బురద సంగతి తర్వాత మళ్లీ చెబుతాను.

ముందు మొక్క ఏం చేస్తుందో చూద్దాం. గుర్రపు డెక్క వేళ్లు ఈకల్లా, నల్లగా, గుబురుగా నీళ్లలో వేలాడుతూ ఉంటాయి. నీళ్లలో కరిగిన లోహపు కణాలు (అయాన్లు) వచ్చి ముందు ఆ వేళ్ల పైపొరకు అంటుకుంటాయి. కొంత లోపలికి పోతుంది. ఆకుల్లోకి ఎక్కేది చాలా తక్కువ. అందుకే ఏ పరీక్ష చూసినా వేళ్లలో ఉన్న సీసం ఆకుల్లో ఉన్నదానికంటే ఎన్నో రెట్లు ఉంటుంది. క్రోమియం విషయంలో ఇంకో మేలు కూడా ఉంది. నీళ్లలో క్రోమియం ముఖ్యంగా రెండు రూపాల్లో ఉంటుంది, ఆరు వేలెన్సీది, మూడు వేలెన్సీది. ఆరు వేలెన్సీ క్రోమియం బాగా విషం, నీళ్లలో సులువుగా కరిగి పారుతుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్కిలీ శాస్త్రవేత్తలు 1998లో చూపించిందేమిటంటే, గుర్రపు డెక్క దాన్ని సన్న వేళ్లలోనే మూడు వేలెన్సీ క్రోమియంగా మార్చేస్తుంది. మూడు వేలెన్సీది అంత విషం కాదు, అంత తేలిగ్గా కదలదు కూడా. ఒడిశాలో సుకిందా క్రోమైట్ గనుల నీటి మీద గుర్రపు డెక్కతో చేసిన ప్రయోగంలో పదిహేను రోజుల్లో ఈ విష క్రోమియం దాదాపు అంతా తగ్గిపోయింది. నాసా శాస్త్రవేత్త బిల్ వోల్వర్టన్ 1970ల్లోనే మిసిసిపీలో ఈ మొక్కతో మురుగునీళ్లు శుద్ధి చేసి చూపించారు. కాబట్టి వీడియోలో చెప్పింది అబద్ధం కాదు.

అయితే ఆ మంచి ఫలితాలు ఎక్కడివో గమనించండి. ట్యాంకుల్లో, గుంటల్లో, కదలకుండా నిలబెట్టిన నీళ్లవి. పదిహేను రోజులు అదే నీళ్లు అదే వేళ్లకు తగులుతూ ఉన్నాయి. మీ వాగులో నీటి చుక్క ఒక మొక్క పక్కన ఎంతసేపు ఉంటుంది? కొన్ని సెకన్లు. వీడియోల్లో ఈ తేడా చెప్పరు.

ఒక లెక్క వేసి చూపిస్తాను, మీ సంఘం వాళ్లకూ ఇదే చూపించండి. వాగులో సెకనుకు పది లీటర్లు మాత్రమే పారుతున్నాయనుకుందాం. రెండు మూడు వ్యవసాయ బోర్లు కలిసి పోసినంత, చాలా చిన్న ధార. అందులో లీటరుకు 0.1 మిల్లీగ్రాము సీసం ఉందనుకుందాం. తాగునీటికి మన దేశ ప్రమాణం లీటరుకు 0.01 మిల్లీగ్రాము, అంటే దానికి పది రెట్లు. రోజుకు 8,64,000 లీటర్లు పారుతాయి కాబట్టి రోజుకు 86 గ్రాముల సీసం, ఏడాదికి 31 కిలోల పైన. ఇప్పుడు కిలో ఎండు మొక్క ఒక గ్రాము సీసం పట్టుకుందనుకుందాం. ఇది మొక్కకు బాగా అనుకూలంగా వేసిన లెక్క, ఇంత పలుచని నీళ్లలో అంత పట్టుకోవడం కష్టం. అయినా రోజుకు 86 కిలోల ఎండు మొక్క కావాలి. గుర్రపు డెక్క బరువులో 95 శాతం దాకా నీళ్లే. అంటే పచ్చిది రోజుకు 1,700 కిలోలు బయటికి లాగాలి. మంచి ఎండలో చదరపు మీటరుకు రోజుకు 20 గ్రాముల ఎండు బరువు పెరిగినా, ఎకరం పైన నీటి వైశాల్యం కావాలి. ఆదివారం లేదు, పండగ లేదు, రోజూ ఒక ట్రాక్టర్ లోడు. అది కూడా ఒక్క సీసానికి, అతి చిన్న ధారకు.

లెక్క అయ్యాక చాలామంది మొహాలు చిన్నబోతాయి. నా ఉద్దేశం అది కాదు. మొక్కలను ఎక్కడ వాడితే పని జరుగుతుందో ఈ లెక్కే చెబుతుంది. ధారంతా కాదు, పక్కకు మళ్లించిన కొద్ది నీటికి వాడాలి. పారే చోట కాదు, నిలబెట్టిన చోట వాడాలి.

మేము నక్కవాగు దిగువన చేసింది అదే. వాగులో ఒక్క మొక్క కూడా వేయలేదు. వాగు నుంచి కొన్ని పొలాలకు నీళ్లు తీసుకునే చిన్న కాలువ మీద మూడు గుంటలు వరసగా తవ్వాం. అడుగున నల్లమట్టి మెత్తి, పైన మందపాటి ప్లాస్టిక్ షీటు పరిచాం, లేకపోతే లోహం భూగర్భజలంలోకి దిగుతుంది. మొదటి గుంటలో మొక్కల్లేవు. నీళ్లు నెమ్మదించి, బురద అడుగుకు దిగడానికి అది. అందులో సున్నపురాయి కూడా వేశాం. ఆ నీళ్లు కాస్త పులుపు వైపు ఉండేవి, పులుపు ఉన్నంతసేపూ లోహం నీళ్లలో కరిగే ఉంటుంది. రెండో గుంటలో కంకర పోసి జమ్ము నాటాం. మూడో దాంట్లో వెదురు చట్రాలు కట్టి, వాటి లోపల గుర్రపు డెక్క వదిలాం. చట్రం లేకుండా ఈ మొక్కను ఎప్పుడూ వదలకండి.

శాంపిళ్లు వరసగా చూస్తే నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది ఇది: సీసంలో పెద్ద వాటా మొక్కలు లేని మొదటి గుంటలోనే ఆగిపోయింది. కారణం తెలిసిందే. సీసం, మూడు వేలెన్సీ క్రోమియం ఎక్కువగా ఒండ్రు రేణువులకు అంటుకుని ప్రయాణం చేస్తాయి. ఒండ్రు దిగితే అవీ దిగుతాయి. జమ్ము గుంటలో జింక్ బాగా తగ్గింది. అక్కడా ఎక్కువ పని చేసింది జమ్ము ఒంట్లోకి తీసుకోవడం కాదు, దాని వేళ్ల చుట్టూ ఉన్న గాలి ఆడని బురద. ఆ బురదలోని సూక్ష్మజీవులు సల్ఫేటును సల్ఫైడుగా మారుస్తాయి, లోహాలు దానితో కలిసి కరగని నల్లటి పదార్థంగా దిగిపోతాయి. గనుల నీటికి కట్టే తడినేలల్లోనూ లోహం ఎక్కువగా చేరేది బురదలోకే. నికెల్ మాత్రం మమ్మల్ని బాగా ఇబ్బంది పెట్టింది. మూడు గుంటలూ దాటి కూడా చాలావరకు అలాగే బయటికొచ్చేది. నికెల్ కరిగిన రూపంలో ఉండటానికే ఇష్టపడుతుంది.

గుర్రపు డెక్కకు అక్కడ ఇంకో కష్టం వచ్చింది. మందుల ఫ్యాక్టరీల నీళ్లలో ఉప్పులు చాలా ఎక్కువ. ఎగువన ఎవరో రాత్రిపూట నీళ్లు వదిలినప్పుడల్లా ఆకుల అంచులు మాడిపోయేవి, కొన్ని మొక్కలు చచ్చేవి. చచ్చిన మొక్కను వెంటనే తీయకపోతే కుళ్లి, పట్టుకున్న లోహంలో చాలా భాగం మళ్లీ నీళ్లలోకి వదిలేస్తుంది. అందుకే ఎండాకాలంలో ఇద్దరు మనుషులు వారానికోసారి కాదు, రోజు విడిచి రోజు గుంట దగ్గర ఉండాల్సి వచ్చింది. జమ్ము ఉప్పును కాస్త మెరుగ్గా తట్టుకుంది. తొలకరికి వాగు పొంగి కాలువ గేటు మీదుగా వచ్చింది. డెక్కను అంతకుముందే తీసేశారు కాబట్టి సరిపోయింది. లేకపోతే లోహం నిండిన మొక్కలు మంజీర దాకా కొట్టుకుపోయేవి, పోయిన ప్రతిచోటా పెరిగేవి. వారం రెండు వారాల్లో రెట్టింపయ్యే మొక్క అది.

ఏ మొక్క అని అడిగారు కాబట్టి చెబుతాను. పారే వాగు గట్టున, అడుగు బురద కదలకుండా పట్టి ఉంచడానికి జమ్ము, వట్టివేరు మంచివి. రెండూ నేలలో పాతుకుంటాయి, కొట్టుకుపోవు, లోహాన్ని ఎక్కువగా వేళ్లలోనే ఉంచుకుంటాయి. గుర్రపు డెక్క, అంతర తామర, డక్‌వీడ్ లాంటి తేలే మొక్కలు మూసిన గుంటలకు మాత్రమే. ఆర్సెనిక్ ఉంటే సంగతి వేరు. చైనీస్ బ్రేక్ అనే ఫెర్న్ మొక్క దాన్ని ఆకుల్లోకి విపరీతంగా లాగుతుందని 2001లో ఫ్లోరిడాలో లీనా మా బృందం కనిపెట్టింది. ఆ ఫెర్న్ మన దేశంలో తడి గోడల మీద కూడా పెరుగుతుంది. కానీ అది నేల మొక్క, మీ వాగుకు నేరుగా పనికిరాదు, ఒడ్డు మట్టికి పనికొస్తుంది.

హైదరాబాద్ నెక్నాంపూర్ చెరువులో 2018లో వేసిన తేలే మొక్కల తెప్పలను చూపించి, అక్కడ అయ్యింది మా దగ్గర ఎందుకు కాదని కొందరు అడుగుతారు. అక్కడ సమస్య ఇళ్ల మురుగు. అందులోని నత్రజని, భాస్వరం మొక్కలకు తిండి. తింటే పెరుగుతాయి, నీళ్లు బాగుపడతాయి. మీది లోహం. రెండూ ఒకటి కాదు.

ఇక నాకు అన్నిటికంటే భయం కలిగించే విషయం. వాగులో పచ్చగా ఏదైనా పెరిగితే పశువులు దిగుతాయి. ఎండాకాలంలో మేత లేనప్పుడు డెక్కను కోసి గేదెలకు వేసేవాళ్లు ఉన్నారు. మూసీ వెంట పారాగడ్డి పెంచి పాడి గేదెలకు వేయడం ఎప్పటినుంచో ఉన్నదే. లోహం పట్టడానికని మీరు పెంచిన మొక్క పశువు కడుపులోకి, అక్కడినుంచి పాలలోకి పోతే మీరు చేసిన మేలేమిటి? అంతకంటే దగ్గరి ప్రమాదం ఆకుకూరలు. వాగు ఒడ్డున తూటికూర, పొన్నగంటి కూర వాటంతటవే వస్తాయి. పేదవాళ్లు కోసుకెళ్లి వండుకుంటారు, అమ్ముతారు కూడా. ఈ రెండూ లోహాలను బాగా పట్టుకునే మొక్కలే, పైగా మనం తినేది ఆకు, కాడ. మీ ఊళ్లో ముందు చేయాల్సిన పని ఇదే: ఆ వాగు ఒడ్డు కూర ఎవరూ తినకుండా, చామదుంప వేయకుండా ఇంటింటికీ చెప్పండి. దీనికి పైసా ఖర్చు లేదు. పిల్లల ఒంట్లోకి పోయే సీసాన్ని ఏ గుంటా ఆపలేనంత త్వరగా ఇది ఆపుతుంది.

లాగిన మొక్కల సంగతికి వద్దాం. మామూలు చెరువు డెక్కతో వర్మీకంపోస్టు చేస్తారు, అది మంచి పనే. లోహాల వాగు డెక్కతో ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి. వానపాములు లోహాన్ని మాయం చేయవు, ఆ ఎరువు వేసిన ప్రతి పొలంలోకీ అది వెళుతుంది. బయోగ్యాస్‌లో వేసినా స్లర్రీలో మిగులుతుంది. పొయ్యిలో కాల్చకండి, కుప్పేసి తగలబెట్టకండి. కాలిస్తే పాదరసం, ఆర్సెనిక్, కాడ్మియం పొగలోకి లేస్తాయి, మిగతావి బూడిదలో ఇంకా చిక్కబడతాయి. మేము సిమెంటు కళ్లం మీద టార్పాలిన్ పరిచి, కారిన నీళ్లు మళ్లీ మొదటి గుంటలోకే పోయేలా వాలు పెట్టి ఎండబెట్టాం. ఎండితే బరువు ఇరవయ్యో వంతుకు దగ్గరగా పడిపోతుంది, మోయడం తేలిక. తర్వాత ఎండిన వేళ్లను పరీక్ష చేయించి, కాలుష్య నియంత్రణ మండలి ద్వారా ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపాలి. హైదరాబాద్ దగ్గర దుండిగల్‌లో అలాంటి కేంద్రం ఉంది. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాలు ఉన్నాయి కాబట్టి అనుమతి కాగితం లేకుండా లారీ ఎక్కించకండి. రవాణా ఖర్చు, కేంద్రం తీసుకునే ఫీజు ముందే కనుక్కోండి. ఊరి సంఘాల ప్రయత్నాలు ఎక్కువగా ఇక్కడే ఆగిపోతాయి. మొదటి గుంట అడుగున చేరిన బురదకూ ఇదే నియమం.

పరీక్షల విషయంలో కొన్ని జాగ్రత్తలు, ఇది నా పని కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. నీళ్లలో కరిగిన లవణాల మొత్తాన్ని చూపే టీడీఎస్ మీటరుతో లోహం తెలియదు. టీడీఎస్ తక్కువున్న నీళ్లలో కూడా సీసం ఉండొచ్చు. ల్యాబ్ వాళ్లిచ్చిన, ఆమ్లంతో కడిగిన ప్లాస్టిక్ సీసాలోనే నీళ్లు పట్టండి. లోహాల శాంపిల్‌లో నైట్రిక్ ఆమ్లం కలిపి పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గితే పులుపు ఎక్కువ) 2 కంటే కిందికి తేవాలి, లేకపోతే లోహం సీసా గోడలకే అంటుకుని రిపోర్టులో తక్కువ వస్తుంది. ఆరు వేలెన్సీ క్రోమియం శాంపిల్‌లో మాత్రం ఆ ఆమ్లం కలపకూడదు. చల్లగా ఉంచి 24 గంటల్లో ల్యాబ్‌కు చేర్చాలి. అందుకే రెండు సీసాలు. ఫ్యాక్టరీ నాలా కలవకముందు ఒకచోట, కలిశాక ఒకచోట, ఊరి దగ్గర ఒకచోట పట్టండి. మీ రిపోర్టులో ఇంతవరకు మొత్తం క్రోమియమే ఉంటే, ఆరు వేలెన్సీది విడిగా చేయించండి. దాన్నిబట్టే మిగతా నిర్ణయాలు మారతాయి.

ఇక్కడే మొక్కలు మీకు నిజంగా అక్కరకొస్తాయి. ఫ్యాక్టరీ నీళ్లు రాత్రిపూటో, వాన పడేటప్పుడో వదులుతారు. మీరు పగలు పట్టిన సీసాలో ఏమీ కనిపించదు. కానీ అక్కడ నెలల తరబడి నిలబడి ఉన్న జమ్ము వేరు, వాగు అడుగు బురద ఆ రాత్రుల్ని దాచుకుంటాయి. నాలా కలిసే చోటికి ఎగువనా దిగువనా ఒకే రకం మొక్క వేళ్లు, ఒకే లోతు బురద తీసి పరీక్ష చేయిస్తే తేడా స్పష్టంగా తెలుస్తుంది. మేము పనిచేసిన ఊరి రైతులు అధికారుల ముందు పెట్టిన కాగితాల్లో నీటి రిపోర్టుల కంటే ఈ వేళ్ల రిపోర్టే ఎక్కువ ప్రశ్నలు పుట్టించింది. ఆ తర్వాతే ఎగువన తనిఖీలు మొదలయ్యాయి.

నన్నడిగితే మీ చందా డబ్బు మొదట దానికే పెట్టండి. నీటి చట్టం 1974 కింద కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, రసీదు తీసుకోండి. కదలిక లేకపోతే చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచ్ ఉంది. ఎగువన పైపు తెరిచి ఉన్నంతకాలం దిగువన ఎన్ని గుంటలు తవ్వినా మీరు లాగే వేళ్లకు అంతు ఉండదు. పైపు ఆగాక వాగులో, బురదలో మిగిలిన లోహాన్ని పట్టడానికి గుంటలు, జమ్ము, డెక్క బాగా పనికొస్తాయి. అప్పుడు లెక్క కూడా మీకు అందే అంకెల్లోకి వస్తుంది.

ఇంకొకటి. ఎగువన మందుల ఫ్యాక్టరీలుంటే లోహాలతోనే ఆగకండి. 2007లో స్వీడన్ శాస్త్రవేత్త జోకిమ్ లార్సన్ బృందం పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా చూసింది. ఆ మాత్ర వేసుకున్న మనిషి రక్తంలో ఉండేదానికంటే అది ఎక్కువ. మీరు గుంట కట్టి సీసం తగ్గించినా ఆ నీళ్లు తాగడానికి, పశువులకు పెట్టడానికి పనికిరావు. ఊళ్లో ఎవరైనా "మొక్కలు వేశాం కదా, ఇప్పుడు మంచివే" అనుకోకుండా చూడండి.

వేసవిలో మీ వాగులో నీళ్లెంత పారతాయో ఒక అంచనా, ఎగువన ఏ రకం ఫ్యాక్టరీలున్నాయో, మీ రిపోర్టులోని పీహెచ్, సీసం, క్రోమియం అంకెలు ఇక్కడ రాయండి. ఇంకా ఏ లోహాలకు పరీక్ష చేయించాలో, మీకు గుంట పనికొస్తుందో లేదో, వస్తే ఎంత పెద్దది కావాలో లెక్కగట్టి చెబుతాను. ఫ్యాక్టరీల పేర్లు ఇక్కడ రాయవద్దు, అవి మీ ఫిర్యాదు కాగితంలో ఉంటే చాలు.